కల్లంలో ఆగిపోయిన కథ

కొత్త పుస్తకాల అట్టపెట్టెకు కట్టిన తాడు తెంచగానే లోపలినుంచి ఒక వాసన వస్తుంది. సిరా, జిగురు, ఇంకా ఎవరి చెయ్యీ పడని కాగితం, అన్నీ కలిసిన వాసన. దాన్ని గుండెల నిండా పీల్చుకోవాలని నాకూ ఉంటుంది గానీ, అంతకు ముందు నా కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటాను. జగ్గయ్యపేట బళ్ళో పంతులమ్మగా చేస్తూ, ఇన్నేళ్ళుగా సుద్దముక్క తప్ప మరో పని ఎరగని వేళ్ళివి. అయినా సరే, వాటికి ఎండుమిరపకాయ ఘాటు లేదని తేలేదాకా పుస్తకాన్ని ముట్టుకోను. తోటి పంతుళ్ళు ఇది చూసి నవ్వుకుంటారు, అలవాటు లెమ్మని నేనూ నవ్వేస్తాను.

శనివారం చివరి పీరియడు నాది. ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన పుస్తకాల్లో నాలుగింటి గురించి చెప్తాను. ఇది బాగుంటుంది, అది మంచిది, ఇందులో నీతి ఉంది అని చెబితే ఏ పిల్లా పుస్తకం జోలికి రాదు. అందుకని కథ మొదలుపెట్టి, ఏనుగు బావి అంచు దాకా వచ్చి కాలు జారబోయిన చోట ఠక్కున పుస్తకం మూసి బల్లమీద పెట్టేస్తాను. ఇక చూడాలి, గంట కొట్టేలోపు ఆ పుస్తకం కోసం జుట్లు పట్టుకున్నంత పని చేస్తారు. పిల్లలకి పుస్తకాలు అంటగట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా హెచ్చెమ్ గారు పదిమందిలో చెప్పుకుంటారు. ఆ విద్య నాది కాదు. ఎవరి దగ్గర దొంగిలించానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దాచడం దేనికి, ఈ పిల్లలంటే నాకు కుళ్ళు. ప్రేమ లేదని కాదు, అదీ ఉంది, రెండూ ఒకే కుండలో ఉడుకుతుంటాయి. నున్నటి కాగితం మీద రంగురంగుల బొమ్మలు, అరచేతి మందాన అక్షరాలు, మడుగులో గేదె మొదలు చంద్రుడి మీద ఇల్లు దాకా తలా ఒక పుస్తకం, అదీ ఉచితంగా, వాళ్ళ ఒళ్ళోకి వచ్చి పడుతుంటే, తెరవకుండానే దాన్ని పిర్రల కింద వేసుకుని కూర్చునే పిల్లాణ్ణి చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఆ మంటలోనే మొన్న ఒక పాపం చేశాను. ఈసారి పెట్టెలో వచ్చిన ఒక పుస్తకాన్ని జాబితాలో ఎక్కించి, పిల్లలకి మాత్రం చెప్పకుండా నా చేతిసంచిలో పడేసుకున్నాను. మూడు శనివారాలు గడిచాయి. ఆ పుస్తకంలో కూలికి వెళ్ళే ఒక అమ్మ ఉంది, ఆమె అరచేతిలోని పగుళ్ళు కూతురికి దారులుగా కనిపిస్తాయి, ఒక్కో దారెంట పోతే ఒక్కో ఊరు వస్తుంది. అట్టమీద ఆ తల్లీకూతుళ్ళు తలకి గుడ్డ చుట్టుకుని, ఎర్రటి రాశి ముందు గొంతుక్కూర్చుని ఉంటారు. నా చిన్నప్పుడు పుస్తకాల్లో రాజులుండేవాళ్ళు, మంత్రులుండేవాళ్ళు, మాట్లాడే చిలకలుండేవి, మా అమ్మ ఉండేది కాదు. ఇప్పుడు వచ్చింది, నాకు కాకుండా వీళ్ళకి వచ్చింది.

మాది వత్సవాయి దగ్గర పల్లె. శీతాకాలం వెనకబట్టి పత్తి చేలు మోడులై, మెట్ట చేలల్లో మిరపకాయ ఎర్రబడే రోజులు మొదలయ్యాయంటే, మా పేటలో ఆడవాళ్ళందరి చీరలకీ, జడలకీ, చివరికి అన్నం కుండలకీ ఒకటే వాసన. తెల్లారేసరికి జొన్నన్నం మూటా, గోంగూర పచ్చడీ, ఉల్లిపాయా పట్టుకుని కల్లానికి వెళ్ళేవాళ్ళు. తాటాకు పందిరి కింద గోనెపట్టాలు పరిచి, వాటి మీద కాయలు కుప్పలు పోసి, చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరేసి, తొడిమలు తీసేవాళ్ళు. గాలి తిరిగిందంటే ఒకరితో మొదలైన తుమ్ము వరసంతా పాకి, ఆ చివరి ముసలమ్మ దగ్గర ఆగేది. ఆవిడ తుమ్మిన ప్రతిసారీ ‘ప్రభువా’ అనేది, అందరూ నవ్వేవాళ్ళు. బడి లేని రోజుల్లోనూ, ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్నాలూ మేమూ అమ్మల పక్కన కూర్చునేవాళ్ళం. పని మధ్యలో వేడికి తట్టుకోలేక లేచిపోయి, పందిరి వెనక తొక్కుడుబిళ్ల ఆడేవాళ్ళం, అచ్చంగిల్లాలు ఆడేవాళ్ళం. ఆడుతూ ఆడుతూ చెమట తుడుచుకోబోయి కళ్ళల్లో చెయ్యి పెట్టుకున్నవాడి గోల ఊరంతా వినపడేది. ఇంటికొచ్చాక అమ్మలు చేతుల మంట చల్లారడానికి గంజిలో ముంచి కూర్చునేవాళ్ళు. మా అమ్మ మరియమ్మ చేతులు గంజిలో ఉండగానే నా చేత బైబిలు చదివించుకునేది, ఎందుకంటే మా ఇంట్లో ఉన్నవి రెండే పుస్తకాలు, బైబిలు ఒకటి, అట్ట పోయిన పాటల పుస్తకం ఒకటి. చదువు రాకపోయినా చర్చిలో ఆ పాటల పుస్తకాన్ని సరిగ్గా ఆ పాట దగ్గరే తెరిచి పట్టుకునేది. జిడ్డు మరకను బట్టి గుర్తుపట్టేదని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఆ కల్లం పద్మజ వాళ్ళది. పద్మజ నా తరగతే, నాకన్నా ఆరునెలలు పెద్ద. వాళ్ళ బాబాయి నందిగామ కోర్టులో ప్లీడరు, ఆయన బెజవాడ వెళ్ళినప్పుడల్లా అన్న కూతురికి పిల్లల పుస్తకాలు కొనుక్కొచ్చి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆడవాళ్ళు కునికిపాట్లు పడటమో, లేదంటే పాత తగాదాలు తవ్వుకోవడమో చేస్తున్నారని, పద్మజ వాళ్ళ నాన్నగారు ఒక ఉపాయం కనిపెట్టాడు. పందిరి మధ్యలో నులకమంచం వేయించి, దానిమీద కూతుర్ని కూర్చోబెట్టి, పుస్తకం చదివించడం మొదలుపెట్టాడు. ఉపాయం పారింది, కాకపోతే ఒక చిక్కొచ్చింది. కథ చప్పగా ఉంటే నిద్రపోతున్నారు, మరీ రసపట్టులో పడితే కాయ చేతిలో పట్టుకుని నోళ్ళు తెరుచుకుని ఉండిపోతున్నారు. అందుకని ఆయన పద్మజని మరీ ఊపుగా చదవొద్దనీ, అలాగని మరీ నీరసంగానూ చదవొద్దనీ రోజూ హెచ్చరించేవాడు.

ఆ మంచం మీద ఆ పిల్ల కూర్చునే తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఈస్టరు పండక్కి మాకు కుట్టించే గౌను లాంటిది రోజూ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, తెల్లటి చేతుల్లో పుస్తకం పట్టుకుని, చూపుడువేలు నాలికతో తడుపుకుంటూ ఒక్కో పేజీ తిప్పేది. చదవడం మాత్రం వచ్చేది కాదు, చుక్క ఉన్నచోట ఆగదు, లేనిచోట ఆగుతుంది. అయితే ఒక్కటి బాగా వచ్చు. రాక్షసుడు కత్తి ఎత్తాడు అనగానే పుస్తకం మూసి, పాలు తాగొస్తానని లోపలికి వెళ్ళిపోయేది, మళ్ళీ మర్నాటిదాకా వచ్చేది కాదు. వెళ్తూ వెళ్తూ అందరికంటే ముందు నా మొహం వంక చూసేది. క్లాసులో చదువులో నేను ఫస్టు, అది నాకు తెలుసు, దానికీ తెలుసు. ఆ పుస్తకం మీద, ఆ మంచం మీద, మండని ఆ చేతుల మీద నాకు ఎంత అసూయ ఉండేదంటే, ప్రార్థనలో దేవుడికి చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేది.

ఆ ఏడు నడుస్తున్న కథ ఒక పడవవాడి కూతురిది. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఏడు ఊళ్ళు తిరుగుతుంది, ఏడో ఊళ్ళో ఏడు తలుపుల మేడ, ఒక్కో తలుపు తీయాలంటే ఒక్కోటి ఇచ్చేసుకోవాలి, గాజులు, చెప్పులు, జడలో పువ్వులు. మూడో తలుపు దగ్గర పద్మజకి గవదబిళ్ళలు లేచాయి. రెండు రోజులు కల్లంలో కథ లేదు, ఆడవాళ్ళ విసుగు అంతా ఇంతా కాదు. మూడో రోజు పద్మజ వాళ్ళమ్మగారు బయటికొచ్చి, మరియమ్మ కూతురు బాగా చదువుతుందట కదా, రమ్మను అంది. మజ్జిగతో ఒకసారి, బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి నా చేతులు కడిగించి, తన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు పుస్తకం ఇచ్చింది.

ఎనిమిది రోజులు చదివాను. పడవవాడి కూతురు ఏడిస్తే ఏడ్చాను, తలుపు చప్పుడైతే మంచంపట్టె మీద తట్టాను. ఆడవాళ్ళు నా వంకే చూస్తూ, చేతులు మాత్రం వాటంతటవి ఆడిస్తూ, పొద్దు వాలేసరికి రాశులు తేల్చేసేవాళ్ళు. మా అమ్మ తల ఎత్తేది కాదు, ఎత్తితే గర్వం బయటపడుతుందని. ఇంటికొచ్చాక మాత్రం గంజిలో చేతులు ముంచుకుని, ‘ఇయ్యాల నడుం నొప్పి తెలవలా’ అంది ఒకరోజు. మా అమ్మ నన్ను మెచ్చుకోవడం అంటే అంతే. నేను చదువుతున్నంతసేపూ, కల్లం పక్కనున్న వాళ్ళ ఇంటి కిటికీ చువ్వల వెనక, గొంతు చుట్టూ గుడ్డ కట్టుకుని పద్మజ మొహం కనపడేది. దాని కళ్ళల్లో అప్పుడున్నది ఏమిటో నాకు చప్పున తెలిసిపోయింది, ఎందుకంటే అన్నాళ్ళూ అది నా కళ్ళల్లో ఉన్నదే. నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

తొమ్మిదో రోజుకి దాని జబ్బు తగ్గింది, నేను గోనెపట్టా మీదికి వచ్చేశాను. అప్పటికి కథ ఏడో తలుపు దగ్గరుంది. పద్మజ నాలుగు ముక్కలు చదివిందో లేదో, ఎవరో పెద్దావిడ నన్ను చూపించి, సువార్తని చదవనియ్యమ్మా అంది, మిగతావాళ్ళు వంతపాడారు. పద్మజ మొహం ఎర్రబడింది. ‘పుస్తకం నాది. ఆ చివర నేను చదవను, ఎవర్నీ చదవనివ్వను’ అని, దాన్ని మంచం మీద బోర్లా పెట్టి, పాలు తాగడానికి లేచి వెళ్ళింది. ఆడవాళ్ళు అన్నం గిన్నెలు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి లేచారు. పందిరి కింద పుస్తకమూ నేనూ మిగిలాం.

చేతులు కడుక్కోలేదు. పొద్దుటినుంచి కాయలు ఒలిచిన ఆ చేతులతోనే పుస్తకం తీసి, ముందు చివర చదివేశాను. అది అక్కడితో ఆగితే ఆత్రం అనుకోవచ్చు. ఆగలేదు. పద్మజ వేలు తడుపుకుని తిప్పే పేజీల అంచులు ఏవో నాకు బాగా తెలుసు. ఒక్కో పేజీ కింది మూల బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని నెమ్మదిగా, మిరప గింజ నూరినట్టు రుద్దాను. తొమ్మిదేళ్ళ పిల్లని. తెలియక చేశానని ఇప్పుడు రాస్తే అబద్ధం.

పద్మజ తిరిగొచ్చింది, వాళ్ళ నాన్నగారు కోప్పడి పంపినట్టున్నాడు, ముక్కు చీదుకుంటూ వచ్చి కూర్చుంది. వేలు తడుపుకుంది, పేజీ తిప్పింది, మళ్ళీ తడుపుకుంది. నాలిక మండి ఉఫ్ అని, అప్పటికే నీళ్ళు నిండిన కళ్ళు ఆ వేళ్ళతోనే తుడుచుకుంది. తర్వాత అది పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వాళ్ళమ్మగారు కళ్ళల్లో పాలు పోసింది, నీళ్ళు కొట్టింది, సాయంత్రానికి ఎడ్లబండి కట్టి వత్సవాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వారం రోజులకి కళ్ళు బాగుపడ్డాయి. కల్లంలో గాలికి లేచిన కారం పుస్తకానికి పట్టిందని వాళ్ళ నాన్నగారు తేల్చాడు. ఆ పుస్తకాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టించాడు. ఇక కల్లంలో చదువులు లేవన్నాడు, నులకమంచం లోపలికి వెళ్ళిపోయింది. నామీద ఎవరికీ అనుమానం రాలేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని చదివే పిల్లగా అప్పటికే నాకు పేరొచ్చింది మరి.

శిక్ష పడలేదనుకున్నాను. మర్నాటినుంచి మొదలైంది. ఆడవాళ్ళు కాయలు ఒలుస్తూ ఆ కథ గురించే మాట్లాడుకునేవాళ్ళు. తమ్ముడు చచ్చిపోయి ఉంటాడని ఒకరు, ఏడో తలుపుకి ఆ పిల్ల కళ్ళు ఇవ్వాలేమో అని ఇంకొకరు, ప్రభువు చూసుకుంటాడని ఆ తుమ్ముల ముసలమ్మ. ఊరు మొత్తం మీద ఆ చివర తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు తెరిచానంటే ఎప్పుడు చదివావని అడుగుతారు, ఏ చేతులతో చదివావని అడుగుతారు. తెలిసిన కథ నోట్లో పెట్టుకుని, తల వంచుకుని తొడిమలు తీశాను. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, పిడక విరుస్తూ అడిగింది.

‘చదువుకున్నదానివి గదా, ఆ పిల్లకి తమ్ముడు దొరికిద్దంటావా?’

‘ఏమో’ అన్నాను.

ఆ తర్వాత కూడా, కల్లంలో ఆగిపోయినా ఆ కథ మా అమ్మని వదల్లేదు. నేను టెన్తు పాసైన రోజున అడిగింది. నాకు ఉద్యోగం వచ్చి తనని జగ్గయ్యపేట తెచ్చుకున్నాక, టీవీలో ఏదో పడవ చూసి అడిగింది. చెప్పడానికి నాకేం అడ్డం, ఎవరు కొడతారు ఆ వయసులో. కానీ చివర చెప్పాలంటే పేజీల మూలల దగ్గర్నుంచి చెప్పాలి. అమ్మ దగ్గర నేను మంచిదాన్ని, ఆ ఒక్క చోటే మంచిదాన్ని. ఇంకోసారి చెబుదాంలే అనుకుంటూ ఉండగానే అమ్మ పోయింది. నందిగామ బస్టాండులో చాలా ఏళ్ళ క్రితం ఒకసారి పద్మజ కనపడింది. పట్టుచీర, బంగారపు కళ్ళజోడు, ఏదో పెళ్ళికి బెజవాడ బస్సు కోసం నిలబడింది. నన్ను గుర్తుపట్టి ఎంతో ఆపేక్షగా చేతులు పట్టుకుంది. పుస్తకం తిప్పేటప్పుడు వేలు తడుపుకోవాలంటే ఇప్పటికీ భయమేనని నవ్వింది. ‘ఆ కథ ఏమైందో నాకింతవరకు తెలీదు సువార్తా’ అంది. బస్సు కదలడానికి ఇంకా టైముంది. ఆ చీర చూశాను, మండని ఆ చేతులు చూశాను. దానికన్నీ ఉన్నాయి, ఈ ఒక్కటైనా నా దగ్గరే ఉండనీ అనుకుని, నాకూ తెలీదన్నాను.

మీకు చెప్పేస్తాను. ఏడో తలుపుకి ఇవ్వడానికి ఆ పిల్ల దగ్గర ఏమీ మిగల్లేదు. గుమ్మంలో కూలబడి, రేవులో తండ్రి పడవకి జనాన్ని పిలిచే పిలుపు పిలిచింది. లోపలినుంచి తమ్ముడు ఆ పిలుపుకి బదులు పలికాడు, తలుపు దానంతటదే తెరుచుకుంది. అంతే. మా అమ్మకి ఒక్క నిమిషంలో చెప్పగలిగిన సంగతి.

ఇప్పుడు ఆ కల్లాలు అలా లేవు. కాయలు కోల్డ్ స్టోరేజీలకి పోతున్నాయి, గోనెపట్టాల బదులు నీలం టార్పాలిన్లు, పందిరి కింద మంచానికి బదులు కొంగు ముడిలో సెల్‌ఫోను పాటలు. గంజి వార్చే ఇల్లు లేదు. పద్మజ వాళ్ళు ఇల్లూ పొలమూ అమ్మేశారు. కానీ కాయలు ఒలిచే చేతులు మాత్రం ఉన్నాయని మొన్న సోమవారం తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆరో తరగతి కీర్తన పుస్తకాల గదిలో కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటోంది. గరికపాడు దగ్గర్నుంచి వచ్చే పిల్ల, మాట తక్కువ. చూస్తే, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, స్కేలు అంచుతో పేజీలు తిప్పుతోంది. ఇదేం పద్ధతి, చేతులకేమైందని కాస్త గట్టిగానే అడిగాను.

‘నిన్న అమ్మతో కాయలకి పోయానండి. మూడుసార్లు కడిగినా మంట పోలా. నా తర్వాత చదివేవాళ్ళ కళ్ళు మండుతయ్ గదండి’ అంది, మామూలుగా, స్కేలు దించకుండానే.

కుర్చీ లాక్కుని ఆ పిల్లకి ఎదురుగా కూర్చున్నాను. పక్కన బల్లమీద నా చేతిసంచి నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి ఆ పుస్తకం అంచు, ఆ ఎర్రటి రాశి కనపడుతోంది. కీర్తన దానివంక చూసింది, నావంక చూసింది.

‘ఆ పుస్తకం గురించి చెప్పలేదేం టీచర్?’

శనివారం వరకూ ఆగలేదు. అప్పటికప్పుడు చెప్పాను, ఒక్కదానికే. అమ్మ అరచేతిలో పగుళ్ళున్నాయని, ఆ పిల్ల ఒక్కో దారెంట నడుస్తుందని, చిటికెనవేలి కింద ఉన్న చిన్న దారి దగ్గరికి వచ్చేసరికి అని, అలవాటు కొద్దీ ఠక్కున మూసేశాను. మూసి, దాని ముందుకి తోశాను. అట్టని మోచేత్తో దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. ఎర్రటి రాశి ముందు కూర్చున్న ఆ తల్లి మొహం దగ్గర ఆగిపోయింది.

‘ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ కల్లానికి పోతాం టీచర్. ఆ రోజు నేను కాయలు ఒలవనని చెప్పి, అమ్మకి ఇది చదివి వినిపిస్తా. మీలాగా మజ్జలో ఆపను.’

గంట కొట్టారు. కీర్తన స్కేలుతో ఆ పుస్తకాన్ని తన సంచిలోకి తోసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దు వాలేలోపు వాళ్ళమ్మకి ఆ కథ చివర తెలిసిపోతుంది. ఆ పిల్లని చూస్తే నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది, పద్మజని చూసినప్పుడు కూడా అంత పుట్టలేదు.